సగం వినబడ్డ మాట

"కిటికీ అంత కిందికి పెడితే పాప పడిపోదా?"

ఇల్లు కట్టించుకుందామని అనుకున్న నాటి నుంచి నన్ను తినేసిన భయాల్లో నోరు విడిచి బయటికి అన్న మొదటిది ఇదే. అప్పటికి పాపకి ఏడాదిన్నర. కొత్తగా నడక వచ్చిన పిల్ల ఉన్న తల్లికి గదిలో గది కనిపించదు, అంచులే కనిపిస్తాయి. మంచం అంచు, మెట్టు అంచు, బల్ల అంచు. నేను అడిగింది మేస్త్రిని. అప్పుడు మేం నిలబడి ఉన్నది సున్నంతో నేల మీద గీసిన నాలుగు గీతల మధ్య. ఇంకా గోడే లేదు. లేని గోడలోని లేని కిటికీ గురించి నేను బెంగపడుతున్నాను.

ఆయన నవ్వలేదు. "పడిపోతుందమ్మా. మనం ఏమీ చెయ్యకపోతే పడిపోతుంది" అన్నాడు.

ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలోని కర్రని పాప పక్కన నిలబెట్టి, తల దగ్గర ఒక గీత, చేతులు చాపితే అందే చోట ఒక గీత పెట్టుకున్నాడు. కిటికీకి అడ్డ ఊచలు పెట్టించవద్దనీ, అవి పిల్లలకి నిచ్చెనలనీ చెప్పాడు. నిలువు ఊచలు, నాలుగు వేళ్ళ సందు, కిటికీ దగ్గర ఎక్కడానికి గట్టు లేకుండా. పాప ఆ కర్ర తనకి కావాలని ఏడిస్తే ఇచ్చేశాడు. కొలతలు అప్పటికే ఆయన మనసులో ఉన్నాయి.

ఆయన్ని అందరూ నీడ మేస్త్రి అంటారు. పునాది తవ్వే ముందు ఒక రోజంతా ఖాళీ స్థలంలో కర్ర పాతి, గంటగంటకీ దాని నీడ కొస దగ్గర ఒక గులకరాయి పెడతాడు. సాయంత్రానికి నేల మీద రాళ్ళ వంకీ ఒకటి తయారవుతుంది. దాన్ని చూసి ఏ గది ఎటు ఉండాలో చెప్తాడు. పడమటి వైపు మెట్లూ, స్నానాలగదీ, సామాన్ల గదీ. "ఎండ దెబ్బ వాటికి తగలనివ్వండి, అవి ఓర్చుకుంటాయి" అనేవాడు. గాలి వచ్చే వైపు కిటికీలు కిందికి, ఎదుటి గోడలో పైకప్పు దగ్గర చిన్న చిన్న కంతలు. చల్లగాలి కింద నుంచి వస్తే వేడిగాలి పైనుంచి పోతుంది. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్తాను. ఇదే సంగతిని బోర్డు మీద బాణాలు గీసి అప్పటికి మూడేళ్ళుగా చెప్తున్నాను. కానీ మేం అద్దెకున్న ఇంట్లో మధ్యాహ్నం పూట తడిగుడ్డ కప్పుకుని పడుకునేదాన్ని. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి అదే పాఠాన్ని గోడల్లో పెట్టి కట్టేవాడు.

గోడలు కూడా మామూలువి కావు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో బోలు వదిలేవాడు. ఆ బోలులో నిలిచిన గాలే ఎండని లోపలికి రానివ్వదు. బోలు గోడ కూలదా అని నేను రెండు కాగితాల లెక్క వేసుకుని వెళ్ళాను. ఆయన లెక్క చూడకుండా, పద్దెనిమిదేళ్ళ క్రితం తను అలా కట్టిన ఒక ఇంటికి తీసుకెళ్ళి, ఆ ఇంటావిడ చేత నాకు మంచినీళ్ళు ఇప్పించి, గోడకి ఆనుకుని కూర్చోమన్నాడు. కూర్చున్నాను. బయట ఎండ మండుతుంటే గోడ చల్లగా ఉంది. నేను ఇంక లెక్క బయటికి తియ్యలేదు.

మా గోడలు లేస్తున్నకొద్దీ నేను వాటికి థర్మామీటర్లు అంటించి రోజూ రాసుకునేదాన్ని. ఇటుకలు మోసే అక్క ఒకామె నన్ను చూడగానే, "డాక్టరమ్మ వచ్చింది. ఇవాళ పడమటి గోడకి జ్వరం ఎంతమ్మా?" అని అడిగేది. స్లాబు మీద మట్టికుండలు బోర్లించి పైన తెల్లసున్నం వేసిన రోజున బయట నలభై ఒకటి ఉంటే లోపల ముప్పైమూడు ఉంది. ఆ అంకె చెప్పాను. మేస్త్రి ముఖంలో ఒక క్షణం వెలుగు కనిపించింది. "మా అమ్మ ఉంటే ఇక్కడ పడుకోబెట్టేవాణ్ణి" అన్నాడు.

ఆయన పుట్టింది రేకుల గదిలో. ఎండ జరిగినకొద్దీ తల్లి చిన్నకొడుకు చాపని మూల నుంచి మూలకి జరుపుతూ ఉండేదట. ఆ చిన్నకొడుకు ఈయనే. చాప జరపడానికి రెండో కొస పట్టుకున్నది ఎనిమిదేళ్ళు పెద్దవాడైన అన్న. తాపీ పట్టుకోవడం నేర్పింది, గుండుతాడు వేలాడదీసి గోడ నిలువు చూడడం నేర్పింది, తను వెనక నిలబడి తమ్ముణ్ణి మేస్త్రి అని జనం చేత పిలిపించింది ఆ అన్నే. ఆ అన్న గురించి చెప్పేటప్పుడు మేస్త్రి వాక్యాలు మధ్యలో ఆగిపోయేవి. పోయాడని మాత్రం తెలుసు. ఎలాగో నేను అడగలేదు.

మా ఇంటి పని జరిగే చోట కొన్ని పద్ధతులుండేవి. తలకి టోపీ లేనివాళ్ళు గేటు దాటకూడదు. అందులో నాకూ, ఏడ్చి గీపెట్టినా పాపకీ మినహాయింపు లేదు. స్లాబు అంచు చుట్టూ కర్రల కంచె. పరంజా కర్రల కట్లన్నీ ఆయన పొద్దున్నే చేత్తో లాగి చూసి తర్వాతే మనుషుల్ని ఎక్కనిచ్చేవాడు. ఎక్కినవాళ్ళకి నడుముకి తాడు. పక్క స్థలంలో కట్టించే పెద్దాయన మా వాళ్ళని చూసి, "ఇల్లు కడుతున్నారా, యుద్ధానికి వెళ్తున్నారా?" అని వెక్కిరించేవాడు. తాడు మీద ఏదైనా పైకి వెళ్తుంటే మేస్త్రి కాంక్రీటు కలిపే మిక్సర్‌ని ఆపించేవాడు. అది ఆగి గుడగుడ పూర్తిగా చచ్చాకే తాడు కదిలేది.

మాటలకి కూడా పద్ధతే. తాడు దగ్గర నాలుగే మాటలు: పట్టు, ఎత్తు, దించు, నిలు. "ఆగు" అనకూడదు, దూరం నుంచి వింటే "లాగు" అన్నట్టుంటుంది. "వద్దు"తో ముగిసే మాట ఏదీ అనకూడదు. ఇది నాకు బాగా నచ్చింది. మన భాషలో కాదనే ముక్క మాట చివర్న వస్తుంది. ఎక్కు, ఎక్కొద్దు. తియ్యి, తియ్యొద్దు. చివర వినబడకపోతే చెప్పింది తలకిందులైపోతుంది. ఎవరో తెలివైనవాళ్ళు ఆలోచించి పెట్టిన నియమం అనుకుని మురిసిపోయాను. ఎలా వచ్చిందో ఆలోచించలేదు.

మేడగదికి తలుపు చట్రం ఎక్కిస్తున్న రోజున నేను పాపని చంకనేసుకుని గేటు దగ్గర ఉన్నాను. చట్రం సగం దూరం వెళ్ళాక గాలికి ఊగి గోడకి కొట్టుకుంది. నియమం ఎటు పోయిందో, "వదలొద్దు, వదలొద్దు" అని అరిచేశాను.

ఏమీ కాలేదు. మిక్సర్ ఆపి ఉంది, పైనున్న మనిషి తాడుని స్తంభానికి రెండు చుట్లు తిప్పి పట్టుకునే ఉన్నాడు. కానీ మేస్త్రి ముఖం సున్నం కొట్టినట్టయింది. "నిలు" అన్నాడు. తర్వాత "దించు" అన్నాడు. చట్రం నేల మీదికి వచ్చేదాకా చూసి, నా దగ్గరికి వచ్చి, "ఇక్కడ ఆ మాట వద్దమ్మా" అన్నాడు. తాడు దగ్గర ఆయన నోట నేను విన్న వద్దు అదొక్కటే.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నాక, కట్టిన మెట్ల కింద నీడలో కూర్చుని చెప్పాడు.

పదకొండేళ్ళ క్రితం. రెండంతస్తుల ఇల్లు. కిటికీ మీద పెట్టే సిమెంటు పలకని తాడుతో పైకి చేరుస్తున్నారు. పైన తాడు పట్టుకున్నది మేస్త్రి భార్యకి సొంత తమ్ముడు. కింద పలకకి కట్టిన రెండో తాడుతో దాన్ని గోడకి తగలకుండా చూస్తున్నది అన్న. మధ్యలో పరంజా మీద మేస్త్రి. పలక ఒక కర్రకి తట్టుకుని పక్కకి ఒరిగింది. మేస్త్రి పైకి చూసి "వదలొద్దు" అని అరిచాడు. పక్కనే మిక్సర్ తిరుగుతోంది. పైనున్న బావమరిదికి మాట మొదటి సగమే చేరింది. వదిలేశాడు.

అన్న రెండో రోజున పోయాడు.

బావమరిదిని అన్న భార్య, మేస్త్రి వదినగారు, గడప తొక్కవద్దన్నారు. మేస్త్రి భార్య అక్కగా ఏమీ మాట్లాడలేకపోయింది, తోడికోడలి ముందు ముఖం ఎత్తలేక తమ్ముణ్ణి చూడడం మానేసింది. ఒకే ఊళ్ళో ఉంటూ పదకొండేళ్ళు. అతను కట్టడం పని మానేసి ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నాడు. మేడ ఎక్కాల్సిన పని ఏదీ ఒప్పుకోడట.

ఆ రోజు ఇంటికెళ్ళాక నాకు తోచింది ఒకటే. ఈయన ఇంకా బావమరిదిని తప్పుపడుతున్నాడు, ఆ బరువుతో బాధపడుతున్నాడు. నా దగ్గర మందు ఉంది. నేను చదివిన చదువు ఇలాంటప్పుడు పనికిరాకపోతే ఎందుకు? మర్నాడు మిక్సర్ నడిచే వేళకి వెళ్ళి, ఇటుకల అక్కని దాని పక్కన నిలబెట్టి, ఒక చీటీలోని ఇరవై మాటలు వరస మార్చి అరవమన్నాను. నేను పైన చెవి రిక్కించుకుని విన్నది విన్నట్టు రాసుకున్నాను. "అమ్మా, నా గొంతు పోతే మీరే బాధ్యులు" అంటూనే ఆమె అరిచింది. "వద్దు"తో ముగిసినవి పది. అందులో ఏడు నాకు తోకలేకుండా వినబడ్డాయి. మాట చివర్న మన గొంతు సహజంగా తగ్గుతుంది, మిక్సర్ రొద ఆ కాస్తనీ మింగేస్తుంది. అదంతా శుభ్రంగా పట్టికగా రాసి మేస్త్రి చేతిలో పెట్టాను.

"మీ బావమరిదిగారి తప్పు లేదండీ. ఆయనకి పూర్తిగా వినబడే అవకాశమే లేదు" అన్నాను.

ఆయన కాగితాన్ని చివరిదాకా చదివాడు.

"ఇది నాకు ఆ నిమిషంలోనే తెలుసమ్మా" అన్నాడు. "వాడు వదిలే ముందు నన్ను అడిగాడు. వదులుతున్నా బావా, అన్నాడు. ఆ మాట నాకు వినబడింది. నేను నోరు తెరిచేలోపే తాడు వెళ్ళిపోయింది. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే."

"మరి మీ వాళ్ళకి చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదు." కాగితం మడతపెట్టి మళ్ళీ విప్పాడు. "పోలీసులు అడిగారు, ఇంటాయన అడిగాడు, మా వదిన అడిగింది. నువ్వేమన్నావు అని. వదలొద్దన్నాను అని చెప్పాను. నిజమే కదా. వాడికేం వినబడింది అని ఒక్కరూ అడగలేదు. మిక్సర్ ఎందుకు ఆపలేదని అడగలేదు. అన్న పొద్దున్నే చెప్పాడు, కాసేపు ఆపరా అని. కాంక్రీటు గట్టిపడిపోతుందన్నాను. అబద్ధం ఒక్కటీ చెప్పలేదమ్మా నేను."

నేను అప్పుడు అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "పదకొండేళ్ళు ఎలా ఊరుకున్నారండీ?" అన్నాను. అడిగిన తీరు, పరీక్షలో కాపీ కొట్టినవాణ్ణి పట్టుకున్నట్టుంది. ఆయన లేచి పనిలోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడింది కొలతల గురించే. ఎవరి ఓదార్పు కోసం ఆ పట్టిక తయారు చేశానో ఆ మనిషిని దాంతోనే బోనులో నిలబెట్టాను. మా ఆయనతో చెప్పుకుంటే, "లెక్క సరిగ్గానే వేశావు, అడగాల్సింది మాత్రం అడక్కుండా వేశావు" అన్నారు. నిజమే. మేస్త్రికి ఏం కావాలో నేను అడగనే లేదు.

ఎనిమిదో రోజున మేస్త్రి పనికి ఆలస్యంగా వచ్చాడు. మా ఇంటి పని మొదలయ్యాక అదే మొదటిసారి. పరంజా కట్లు చూసుకుని, మనుషుల్ని ఎక్కించి, నా దగ్గరికి వచ్చి, ఇంట్లో చెప్పేశానన్నాడు. భార్యనీ, వదిననీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాడట. నేను రాసిన కాగితం జేబులోనే ఉందట కానీ తియ్యలేదట. "కాగితం తీస్తే మళ్ళీ అది మాట్లాడుతుంది, నేను మాట్లాడను" అన్నాడు.

భార్య చెప్పులేసుకుని తమ్ముడి ఇంటికి బయల్దేరింది. వదినగారు మాత్రం కూర్చునే ఉన్నారు. "ఆ రోజే చెప్పుంటే నీ మీద కోపం రెండేళ్ళకో మూడేళ్ళకో పోయేది. ఇప్పుడు నాకంత టైం ఎక్కడుంది?" అని, లేచి లోపలికి వెళ్ళారట. ఆమెకి డెబ్భై దగ్గర పడుతున్నాయి.

తర్వాతి శనివారం మధ్యాహ్నం అక్కాతమ్ముళ్ళిద్దరూ మా స్థలానికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను, లేచి వెళ్ళబోతే మేస్త్రి ఉండమన్నాడు. అతను సన్నగా, చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కాలో ఉన్నాడు. టోపీ ఇస్తే పెట్టుకున్నాడు గానీ మెట్ల వైపు చూడలేదు. గోడ మీద చెయ్యి ఆన్చి, "చల్లగా ఉంది బావా" అన్నాడు.

"పలకరించడానికి పదకొండేళ్ళ తర్వాత వచ్చి గోడని పలకరిస్తున్నాడు చూడు" అంది అక్క, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

మేస్త్రి తడబడకుండా చెప్పాడు. "ఆ రోజు నువ్వు వదులుతున్నా బావా అని అడిగావు. నేను విన్నాను. విని కూడా ఎవరికీ చెప్పలేదు. తప్పు నాది."

బావమరిది కోప్పడతాడని నేను ఎదురుచూశాను. కోప్పడితే బాగుండేది. అతను ఎదురుగా ఉన్న ఇటుకల దొంతర మీద మెల్లగా కూర్చున్నాడు.

"అన్నానా?" అన్నాడు. "నిజంగా అన్నానా బావా?"

"అన్నావు."

"నాకు గుర్తు లేదు." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మొదట్లో నాకు వదులు అనే వినబడిందని గట్టిగా చెప్పాను. అందరూ నువ్వు వదలొద్దన్నావు అనేసరికి, అదే విన్నానేమో, విని కూడా చేతులు వదిలేశాయేమో అనుకున్నా. తర్వాత అదే నిజం అనిపించింది. అమ్మాయి పుట్టినప్పుడు ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు. ఈ చేతులు వదిలేస్తాయని."

"ఎప్పుడూ ఎత్తుకోలేదా?" అంది అక్క.

"ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఎత్తుకుందామన్నా బరువైపోయింది" అని నవ్వాడు.

పాప నా భుజం మీద నిద్రపోతోంది. దాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకోవాలని ఉన్నా, అతని ముందు ఆ పని చెయ్యలేకపోయాను. చెయ్యి తిమ్మిరెక్కిపోయినా అలాగే నిలబడ్డాను.

అతను తిరిగి కట్టడం పనికి రాలేదు. మేస్త్రి రమ్మని రెండుసార్లు అడిగాడు, ఇస్త్రీయే బాగుందన్నాడు. వదినగారి దగ్గరికి అక్క తీసుకెళ్ళింది. ఆమె అతనికి మంచినీళ్ళిచ్చారు, ఏమీ మాట్లాడలేదు. మేస్త్రితో మాత్రం ఇప్పటికీ అవసరమైనంతే మాట్లాడతారట. ఇవన్నీ మేస్త్రి ఫిర్యాదులా కాక, గోడ ఎంత లేచిందో చెప్పినట్టు చెప్పేవాడు.

ఇల్లు పూర్తయి తాళాలు ఇచ్చిన రోజున ఆయన గదిగదికీ తిరిగి, ఏ కిటికీ ఏ వేళకి తెరవాలో, సున్నం ఎన్నేళ్ళకి మళ్ళీ వెయ్యాలో చెప్పాడు. నేను ఆ రోజు అన్న మాటకి క్షమించమని అడిగాను. నా భయాల జాబితా తెలిసిన మనిషి కనుక, పాపని పెంచడానికి తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది ఏదైనా ఉంటే చెప్పమని కూడా అడిగాను. ఊచల గురించో, మెట్ల గురించో చెప్తాడనుకున్నాను.

"పిల్లలకి దెబ్బలు తగులుతాయమ్మా. ఎంత చూసుకున్నా తగులుతాయి. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి అడుగుతారు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోకండి. అడగనిది ఒకటి ఉంటుంది, అది మీకే తెలుస్తుంది. అది కూడా ఆ రోజే చెప్పెయ్యండి."

ఇప్పుడు పాపకి నాలుగేళ్ళు. పోయిన గురువారం దాని వేలు తలుపు సందులో నలిగింది. గోరు నల్లబడింది. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే, చెయ్యి తియ్యమని దానికి చెప్పావా అని అడిగారు. చెప్పాను అన్నాను. అది నిజం. పాప కూడా వెక్కుతూనే, అమ్మ చెప్పింది, నేనే తియ్యలేదు అంది. అక్కడితో ఆ సంగతి ముగిసిపోయేది, ఆయన అప్పటికే మందు కోసం లేచారు.

నేను ఆయన్ని కూర్చోమన్నాను. చెప్పినప్పుడు నేను దాని వైపు చూడలేదనీ, కుళాయి తిప్పి ఉందనీ, తలుపు మూసింది నేనేననీ ఇద్దరికీ వినబడేలా చెప్పాను.